చీకటిని పగలే చూడాలి!

కరెంటు పోతే ఊళ్లో అందరూ తిట్టుకుంటారు. ఆ తిట్లు ముందుగా చేరేది ఆయనకే. అనంతపురం జిల్లాలో ఓ చిన్న సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్ మరి! "సార్, ఇంకెంతసేపు?" అంటూ ఫోన్ల మీద ఫోన్లు. ఓపిగ్గా జవాబు చెబుతూనే ఓ కన్ను కిటికీలోంచి పైకి పడేస్తాడు. వీధిదీపాలు ఆరిపోయిన ఆ పది నిమిషాల్లో ఆకాశం ఎలా విచ్చుకుంటుందో ఆయనకు తెలుసు. పదిమందికీ వెలుగివ్వడం ఉద్యోగం. సెలవు దొరికితే చీకటిని వెతుక్కుంటూ ఊరు దాటిపోవడం సరదా. "జీతమేమో వెలుగుది, మోజేమో చీకటిది" అంటుంది భార్య.

ఈ మోజు 2018లో మొదలైంది. కూతురు అప్పుడు ఎనిమిదో తరగతి. "నాన్నా, పుస్తకంలో ఉన్నట్టు పాలపుంత మన కెమెరాలో కూడా పడుతుందా?" అని అడిగింది. పడుతుందని ధైర్యంగా చెప్పేశాడు. చెప్పాక కెమెరా కొన్నాడు! తెలిసిన ఫొటో స్టూడియోలో ఓ పాత డీఎస్ఎల్ఆర్, దానితోపాటు వచ్చిన 18-55 లెన్సు, కాస్త వదులైన ట్రైపాడ్. ఆ రాత్రే డాబా ఎక్కి ముప్ఫై సెకన్లపాటు షట్టరు తెరిచి ఉంచాడు. తీరా చూస్తే చుక్కలన్నీ సాగిపోయి ఉన్నాయి. "ఇవి చుక్కలు కాదు నాన్నా, గీతలు!" అని పడీపడీ నవ్వింది కూతురు.

తప్పు కెమెరాది కాదు. భూమి తిరుగుతోంది కాబట్టి ఆకాశం గంటకు 15 డిగ్రీల చొప్పున, అంటే నాలుగు నిమిషాలకు ఒక డిగ్రీ చొప్పున జరిగిపోతున్నట్టు కనబడుతుంది. షట్టరు ఎక్కువసేపు తెరిచి ఉంచితే చుక్క గీత అవుతుంది. దీనికో లెక్కుంది. 500ను లెన్సు ఫోకల్ లెంగ్త్‌తో భాగించి, ఎంతొస్తే అన్ని సెకన్ల లోపు ఆపెయ్యాలి. సెన్సరు చిన్నదైన కెమెరాల్లో ఫోకల్ లెంగ్త్‌ను ముందు ఒకటిన్నరతో గుణించుకోవాలి. ఆయన దగ్గరున్న 18 మిల్లీమీటర్ల లెన్సు 27 కింద లెక్క. 500ను 27తో భాగిస్తే పద్దెనిమిదిన్నర. ఆయన ఇంకాస్త జాగ్రత్తపడి 15 సెకన్లకే ఆపేస్తాడు.

లెక్క వారంలో వచ్చేసింది. అలవాట్లు రావడానికి మాత్రం నాలుగేళ్లు పట్టింది. ఒక రాత్రి ప్రాణం మీదికి వస్తే గానీ రాలేదు.

రెండు మూరల దూరం

2022 మార్చి. శివరాత్రి జాగారం అయిన మర్నాటి రాత్రి. అమావాస్య. తెల్లవారుజామున మూడు దాటితే వృశ్చికం పైకొస్తుంది. దాని తోక దగ్గర మూలా నక్షత్రం, ఆ వెనకే ధనుస్సు. పాలపుంత అన్నిటికన్నా చిక్కగా, పొంగినట్టు కనబడేది ఆ వైపే. మన గెలాక్సీ కేంద్రం ఉన్నది కూడా ఆ దిక్కునే. మార్చి నుంచి మే వరకు తెల్లవారుజాముల్లో దాన్ని పట్టుకోవాలి. తర్వాత వానాకాలం, మబ్బులు. అందుకే ఆయన ఆగలేకపోయాడు.

బస్సులో వెళ్తున్నప్పుడు ఎప్పుడో చూసిన చోటది. రోడ్డుకు కాస్త లోపలగా ఒంటరి వేపచెట్టు, దాని వెనక చేలు. పగలు ఒక్కసారి కూడా అక్కడ దిగింది లేదు. ఇంట్లో "ఇప్పుడే వస్తా" అని చెప్పి, బండేసుకుని ఒక్కడే వెళ్లాడు. గట్టు మీద ట్రైపాడ్ నిలిపాడు. ఫ్రేములో వేపచెట్టు మొత్తం పట్టడం లేదు. కన్ను కెమెరాకే ఆనించి, ట్రైపాడ్ ఎత్తి పట్టుకుని వెనక్కి ఒక అడుగు వేశాడు. ఇంకో అడుగు...

"యెవురప్పా ఆడ? నిలబడు! ఎనక్కి అడుగెయ్యాకు... కరెంటుంది!"

చేను మధ్యలో మంచె మీద నుంచి అరుపు. ఆయన కాళ్లు అక్కడే బిగుసుకుపోయాయి. టార్చిలైటు ఊగుతూ దగ్గరికొచ్చింది. ఆ వెలుగులో తిరిగి చూస్తే, వెనక రెండు మూరల దూరంలో, మోకాలెత్తున సన్నటి ఇనుప తీగ. పుల్లలకు కట్టి, పొలం చుట్టూ తిప్పి, ఊరి లైనుకు కొక్కెం తగిలించారు. అడవిపందుల కోసం!

ఊరూరా తిరిగి "పందులకు కరెంటు పెట్టొద్దయ్యా, మనుషులు పోతారు" అని చెప్పేవాళ్లలో ఆయనొకడు. అలాంటి తీగలకు తగిలి రైతులు, పశువులు చనిపోయిన కబుర్లు ఆ కొలువులో వింటూనే ఉంటాడు. ఆ కబురు ఆ రోజు ఆయన పేరుతో సబ్‌స్టేషన్‌కు చేరాల్సింది.

ఆ రైతుకూ చేతులు వణుకుతున్నాయి. "నాలుగు రాత్రుల్లో అరెకరా తోడేసినాయి సార్. అప్పు తెచ్చి పెట్టిన బుడ్డల పంట. ఏం చేయమంటారు?" అన్నాడు. ఆయన తిట్టలేదు. డ్యూటీలో ఉన్న సహోద్యోగికి ఫోన్ చేసి లైను ఆపించాడు. బండిలో ఎప్పుడూ ఉండే టెస్టరుతో చూశాకే తీగ జోలికి వెళ్లాడు. ఇద్దరూ కలిసి తెల్లారేదాకా దాన్ని చుట్టారు. సోలార్ కంచె గురించి చెప్పింది అప్పుడే. దాంట్లో కరెంటు సెకనుకోసారి అలా తాకి ఇలా వదిలేస్తుంది. పంది బెదిరి పారిపోతుంది గానీ ప్రాణం పోదు. తర్వాతి పంటకు ఆ రైతు పక్క పొలం వాళ్లతో కలిసి దాన్నే వేయించాడు.

ఆ రాత్రి ఒక్క ఫొటో కూడా తియ్యలేదు.

లైన్ క్లియర్

ఇంటికొచ్చాక ఆయన్ను కుదిపేసింది భయం కాదు, సిగ్గు. సబ్‌స్టేషన్‌లో ఎవరైనా ఇలా చేస్తే ఊరుకుంటాడా?

స్తంభం ఎక్కాలంటే లైన్‌మన్ ముందు లైన్ క్లియర్ అడుగుతాడు. ఆపరేటర్ బ్రేకర్ ఆపుతాడు. ఏ ఫీడరు, ఎన్ని గంటలకు, ఎవరికిచ్చారు... అన్నీ రిజిస్టరులో రాసి సంతకం పెడతారు. అంతటితో అయిపోదు. లైన్‌మన్ లైను నిజంగా చచ్చిందో లేదో చూసుకుని, ఎర్తింగ్ చేసుకుని గానీ తీగ మీద చెయ్యి వెయ్యడు. పాతికేళ్ల అనుభవం ఉన్నా ఈ వరసలో ఒక్క మెట్టు దాటడానికి వీల్లేదు. "నాకు తెలుసులే" అనుకున్న రోజే ముప్పు.

పగలంతా ఇంత పద్ధతిగా ఉండే మనిషి, రాత్రి కెమెరా పట్టుకోగానే ఎందుకంత అజాగ్రత్తగా మారిపోయాడు? అది ఉద్యోగం, ఇది సరదా అనుకోబట్టి. చీకటికి ఆ తేడా తెలియదు కదా!

మర్నాడే రెండు వందల పేజీల నోటుపుస్తకం కొన్నాడు. అట్ట మీద పెద్ద అక్షరాలతో ‘లైన్ క్లియర్’ అని రాశాడు. ఇప్పుడు ఆ పుస్తకంలో పేజీ నిండందే ఇల్లు కదలడు.

మొదటి గడి... చోటు పగలు చూశాడా? ఏ చోటికైనా ముందు వెలుగున్నప్పుడు వెళ్తాడు. బావి ఎక్కడుంది, గట్టు ఎక్కడ తెగింది, తీగలేమైనా ఉన్నాయా, బండి ఎటు తిప్పి పెట్టాలి... అన్నీ నడిచి చూస్తాడు. తూర్పేదో పడమరేదో దిక్సూచితో సరిచూసుకుంటాడు. అనంతపురం చుట్టుపక్కల గాలిమరలు ఎక్కువ. పగలు అందంగానే ఉంటాయి. రాత్రయితే వాటి మీద ఎర్రదీపాలు మినుకు మినుకుమంటూ ఫ్రేమంతా చుక్కలు పెడతాయి. అవి ఏ దిక్కున ఉన్నాయో ముందే చూసుకుంటే ఆ చిక్కు ఉండదు. ట్రైపాడ్ మూడు కాళ్లూ ఎక్కడ ఆనాలో అక్కడ మూడు రాళ్లు పెట్టి వస్తాడు.

రెండో గడి... చేను గలవాళ్లకు చెప్పాడా? మోటారు వైర్లు, ట్రాన్స్‌ఫార్మర్లలో రాగి ఎత్తుకుపోయే దొంగలతో రైతులు విసిగిపోయి ఉన్నారు. అర్ధరాత్రి చేలో కొత్త మనిషి కదిలితే ఏమనుకుంటారు? అందుకే పగలే వెళ్లి, పేరూ ఊరూ చెప్పి, కెమెరా చూపించి, టీ తాగి మరీ వస్తాడు. చాలాసార్లు ఆ రైతే రాత్రి తోడు వచ్చి కూర్చుంటాడు.

మూడో గడి... ఇంట్లో చెప్పాడా? ఎక్కడికి, ఎవరితో, ఎన్నింటికి తిరిగొచ్చేది కాగితం మీద రాసి ఫ్రిజ్జుకు అంటించాల్సిందే. ఒంటరిగా వెళ్లడం మానేశాడు. చెప్పులు మానేసి బూట్లు వేసుకుంటాడు. చేతిలో కర్ర. నేల మీద కొడుతూ నడిస్తే ఆ అదురుకు పాములు తప్పుకుంటాయి. రాత్రిళ్లు మోటారు వెయ్యడానికి వెళ్లి పాముకాటుకు గురైన రైతులెందరో. చుక్కలు చూసేవాడికి పాములు మినహాయింపు ఇవ్వవు.

చేతులకే కళ్లుండాలి

చీకట్లో కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు పడుతుంది. పోగొట్టుకోవడానికి ఒక్క క్షణం చాలు. ఫోను తెర ఒకసారి వెలిగిందంటే మళ్లీ మొదటికొచ్చినట్టే. మనకే కాదు, పక్కన ఉన్నవాళ్లకి కూడా. అందుకే ఆయన టార్చికి ఎర్ర జిలుగు కాగితం రెండు మడతలు చుట్టి రబ్బరు బ్యాండు వేశాడు. ఎరుపు వెలుగు తక్కువగా ఉంటే కళ్లకు పట్టిన చీకటి అంతగా చెదరదు. అసలు ఆ టార్చి అవసరమే పడకపోతే ఇంకా మంచిది.

దానికి ఆయన కనిపెట్టిన ఉపాయం, వస్తువుకో జేబు. చొక్కా కుడిజేబులో నిండు బ్యాటరీ. వాడేసింది ఎడమజేబులోకి. లెన్సు మూత ప్యాంటు వెనకజేబులో. మెమరీ కార్డు బ్యాగు మొదటి అరలో. ఎన్నేళ్లయినా ఈ వరస మారదు. మొదట్లో ఇంట్లో దీపాలార్పేసి, కళ్లు మూసుకుని, బ్యాటరీ తీసి పెట్టడం, ట్రైపాడ్ బిగించడం, సెట్టింగులు మార్చడం సాధన చేశాడు. "ఆయనేదో మంత్రసాధన చేస్తున్నాడు" అని భార్య పక్కింటావిడతో చెప్పి నవ్వింది.

ఇంకొన్ని చిన్న చిన్న సంగతులు. కారులో ఏసీ వేసుకుని వెళ్లి, చల్లబడ్డ కెమెరాను బయటి తేమ గాలిలోకి తీస్తే లెన్సు మీద ఆవిరి కమ్మేస్తుంది. కాబట్టి చేరడానికి ముందే ఏసీ కట్టేయాలి. కెమెరాను బ్యాగులోనే ఉంచి బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. తెల్లవారుజామున మంచు పడితే లెన్సును చొక్కా అంచుతో తుడవకూడదు. గీతలు పడతాయి. లెన్సు ముందు హుడ్ పెట్టుకుంటే మంచు పట్టడం కొంత ఆలస్యమవుతుంది. ట్రైపాడ్ మధ్యకడ్డీని పైకి లాగకూడదు, గాలికి ఊగుతుంది. బరువు కోసం బ్యాగు వేలాడదీస్తే అది నేలకు ఆనేటట్టు చూడాలి. లేకపోతే అదే ఊయలై కెమెరాను కదుపుతుంది. లెన్సులో కదలికను సర్దే స్విచ్చి ఉంటే, ట్రైపాడ్ మీద దాన్ని ఆపెయ్యాలి. షట్టరును వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమరు పెట్టుకోవాలి.

తెర చెప్పే అబద్ధం

2023 ఏప్రిల్‌లో ఆయన రాత్రంతా కూర్చుని రెండు వందలకు పైగా ఫొటోలు తీశాడు. కెమెరా తెర మీద ఒక్కొక్కటీ మెరిసిపోతోంది. పొద్దున కంప్యూటర్లో తెరిస్తే చుక్కలన్నీ పిండి చల్లినట్టు మసకమసకగా ఉన్నాయి. ఒక్కటీ పనికి రాలేదు. రాత్రి మధ్యలో ఎక్కడో ఫోకస్ రింగు వెంట్రుకవాసి కదిలింది. అంతే!

ఆ దెబ్బతో నేర్చుకున్నవి రెండు. ఒకటి, లెన్సు మీద ఉండే అనంతం గుర్తును నమ్మకూడదు. ఆటోఫోకస్ తీసేసి, బాగా వెలిగే చుక్కను తెర మీద పదిరెట్లు పెద్దది చేసి, అది సూదిమొనంత అయ్యేదాకా రింగును మెల్లగా తిప్పాలి. తిప్పాక టేపు ముక్కతో రింగును కట్టెయ్యాలి. చల్లదనం పెరిగితే ఫోకస్ మారే అవకాశం ఉంది కాబట్టి గంటకోసారి మళ్లీ చూసుకోవాలి.

రెండోది, చీకట్లో తెర అబద్ధం చెబుతుంది. కళ్లు చీకటికి అలవాటు పడ్డాక మసక ఫొటో కూడా దేదీప్యమానంగా కనబడుతుంది. అందుకే తెర వెలుగు బాగా తగ్గించి, వెలుగునీడల లెక్క చూపించే హిస్టోగ్రాం గీతనే నమ్మాలి. మొదటి ఫొటోను పెద్దది చేసి నాలుగు మూలలూ చూడందే రెండోది తియ్యకూడదు. ఫొటోలు రా ఫార్మాట్‌లో ఉంచుకుంటే తర్వాత సరిదిద్దుకోవడానికి వీలుంటుంది.

తెరను కాదు, పరీక్షను నమ్మాలి. లైన్‌మన్ తీగను నమ్మనట్టే!

గాజు పలకల కాలం

ఈ పద్ధతులేవీ కొత్తవి కావు. హైదరాబాదులోనే వందేళ్ల కిందట పాటించారు. నవాబ్ జఫర్ జంగ్ 1901లో నెలకొల్పిన నిజామియా అబ్జర్వేటరీ, ఆకాశం మొత్తాన్నీ ఫొటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారు చెయ్యాలన్న అంతర్జాతీయ ప్రణాళికలో పాలుపంచుకుంది. 1887లో పారిస్‌లో మొదలైన పెద్ద పని అది. ఆకాశాన్ని ముక్కలుగా పంచుకున్న అబ్జర్వేటరీల్లో మనదీ ఒకటి. అప్పట్లో ఫిల్ములు కూడా కాదు, గాజు పలకలు. పలక మీద వెలుగు పడుతున్నంతసేపూ మనిషి పక్క దూరదర్శినిలో కన్ను పెట్టి, చుక్క గీత దాటకుండా చూసుకోవాలి. ఏ పలక, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు... రాసి పెట్టకపోతే ఆ పలక ఉట్టి గాజు ముక్కే.

ఆ అబ్జర్వేటరీలో పనిచేసిన ఉద్యోగి కొడుకే వేణు బాపు. నిజాం కాలేజీలో చదివి అమెరికాలోని హార్వర్డుకు వెళ్లాడు. 1949 జూలైలో అక్కడ తీసిన ఒక ఫొటో పలకను పరీక్షగా చూస్తుంటే, ఉండకూడని చోట ఓ మసక మరక కనబడింది. అది కొత్త తోకచుక్క! దానికి ఆయన పేరు, మరో ఇద్దరి పేర్లు కలిపి బాపు-బోక్-న్యూకిర్క్ అని పెట్టారు. తమిళనాడులోని కావలూరు అబ్జర్వేటరీకి ఇప్పుడున్నది ఆయన పేరే.

సబ్‌స్టేషన్ ఆపరేటర్‌కు ఈ కథంటే మహా ఇష్టం. పలకను ‘బాగానే వచ్చిందిలే’ అని పక్కన పెట్టేసి ఉంటే ఆ మరక దొరికేదా అంటాడు. అందుకే తన పుస్తకంలోనూ ప్రతి రాత్రికీ సమయం, దిక్కు, సెకన్లు, ఐఎస్‌వో, మబ్బు, మంచు... అన్నీ రాస్తాడు. చివర్న ‘విశేషాలు’ అని ఒక గడి.

మూడు తోకచుక్కలు

ఆ అలవాట్లకు అసలు పరీక్ష 2024లో వచ్చింది.

ఆయన తండ్రికి అప్పుడు డెబ్భై. పదకొండేళ్ల వయసులో, 1965లో, తెల్లవారుజామున వాళ్ల నాయన ఎత్తుకుని కళ్లంలోకి తీసుకెళ్లి తూర్పున చీపురుకట్టలాంటి తోకచుక్కను చూపించాడట. ఇద్దరు జపాన్ ఔత్సాహికులు కనిపెట్టిన ఇకెయా-సెకి అది. ఆ ఏడాది యుద్ధం వచ్చింది కాబట్టి, తోకచుక్క అందుకే పొడిచిందని ఊళ్లో ముసలమ్మలు అనుకున్నారు. పిల్లాడికి మాత్రం భయం వెయ్యలేదు. ఆ తోక పొడవు ఇప్పటికీ చెయ్యి చాపి చూపిస్తాడు.

1986లో హాలీ వచ్చినప్పుడు తనూ అలాగే కొడుకును లేపి మిద్దె ఎక్కించాడు. ఎటు చూడాలో సరిగ్గా తెలియదు. ఎదురుగా వీధిదీపం. గంటసేపు నిలబడి ఇద్దరూ ఏమీ చూడకుండానే దిగొచ్చారు. "నా కొడుక్కి చూపించలేకపోతినే" అన్న మాట ఆయన నోట ఎన్నిసార్లు వచ్చిందో!

2024 సెప్టెంబర్ చివర్లో సుచిన్‌షాన్-అట్లాస్ తోకచుక్క సూర్యుడికి ఆరు కోట్ల కిలోమీటర్ల లోపు దూరం నుంచి చుట్టి వచ్చింది. తెల్లవారుజామున తూర్పు అంచున కాసేపు కనబడుతుందన్నారు. మళ్లీ రావడానికి వేల ఏళ్లు, అసలు రాకపోవచ్చు కూడా. తండ్రికి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. రెండోది ఇంకా కావాలి. ఈసారి తప్పకూడదనుకున్నాడు కొడుకు.

రెండు రోజుల ముందే చోటు చూశాడు. ఎక్కడో తెలుసా? ఒకప్పుడు తీగ ఉన్న ఆ చేనే! తూర్పు దిక్కు నేల అంచుదాకా ఖాళీగా ఉంటుంది మరి. రైతు మంచె పక్కనే పెద్దాయన కోసం మంచం వేసి ఉంచాడు. అక్టోబర్ ఒకటో తేదీ తెల్లవారుజామున నాలుగుకే చేరుకున్నారు. కారు దీపాలు ఆర్పేశాక అరగంట ఎవరూ ఏ వెలుగూ వెలిగించలేదు. తూర్పున దారమంత నెలవంక లేచింది. దిగంతం మీద మబ్బు పట్టీ ఒకటి బెంగపెట్టింది. ఐదు దాటాక అది కాస్త విడింది.

ముందు బైనాక్యులర్స్‌లో దొరికింది. తర్వాత ఉట్టి కళ్లకే. చిన్న చుక్క, దాని మీద నిటారుగా లేచిన పల్చటి తోక. కెమెరాను 55 మీద పెట్టాడు. లెక్క ప్రకారం ఆరు సెకన్లు దాటకూడదు. నాలుగు సెకన్లు పెట్టి మొదటిది తీశాడు. పెద్దది చేసి మూలలు చూశాడు. బాగుంది. తెల్లారుతున్న కొద్దీ సెకన్లు తగ్గించుకుంటూ పోవాలి. చేతిలో ఉన్నది ఇరవై నిమిషాలు.

నాలుగో ఫొటో దగ్గర కెమెరా చచ్చిపోయింది. బ్యాటరీ!

ఒకప్పుడైతే కంగారుగా టార్చి వేసి బ్యాగంతా కుమ్మరించేవాడు. ఆ వెలుగు తండ్రి కళ్లలో పడేది. మంచం మీద ఆనుకుని, బైనాక్యులర్స్ వణక్కుండా రెండు చేతులతో పట్టుకుని, పెద్దాయన అప్పుడే ఆ తోకను కొస వరకు చూస్తున్నాడు. కొడుకు ఒక్క మాట మాట్లాడలేదు. కుడిజేబులో చెయ్యి పెట్టాడు. పాతది ఎడమజేబులోకి వెళ్లింది. ‘టక్’మన్న చిన్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. బ్యాటరీ మారిన సంగతి తండ్రికి ఈ రోజుకీ తెలియదు.

ఇంకో ఆరు ఫొటోలు తీశాక కెమెరా ఆపేశాడు. ఇంకా కాస్త సమయం ఉంది. వచ్చి మంచం మీద తండ్రి పక్కన కూర్చున్నాడు. అలవాట్లు చేతులకు వచ్చేస్తే మిగిలేది ఇదే, కళ్లకు కాస్త తీరిక! ఇద్దరూ ఏ గాజూ అడ్డం లేకుండా తూర్పు వైపు చూస్తూ ఉండిపోయారు. ఆకాశం నీలమై, ఆ తర్వాత పసుపై, తోక మెల్లగా వెలుగులో కరిగిపోయింది. సూర్యుడు రాకముందే బైనాక్యులర్స్ తీసి పెట్టేశాడు కొడుకు. పొరపాటున కూడా వాటిని సూర్యుడి వైపు తిప్పకూడదు.

"ఆపొద్దు మా నాయన లేపినాడు" అన్నాడు పెద్దాయన చాలాసేపటికి. "ఈపొద్దు నువ్వు లేపినావు."

వచ్చేముందు అలవాటు ప్రకారం తెచ్చిన వస్తువులన్నీ లెక్కపెట్టుకున్నాడు. నేల మీద పడ్డ బిస్కెట్ కాగితం ఏరి జేబులో వేసుకున్నాడు. రైతుకు చెప్పి బయల్దేరారు.

ఆ పది ఫొటోల్లో ఒకటి ఇప్పుడు వాళ్లింటి హాల్లో ఉంది. చూసినవాళ్లంతా ఏ కెమెరా, ఏ లెన్సు అని అడుగుతారు. ఆయన నవ్వి, బీరువాలోంచి ఆ నోటుపుస్తకం తీసి చూపిస్తాడు. ఆ రోజు పేజీలో సమయం, దిక్కు, సెకన్లు, మబ్బు... అన్ని గడులూ నిండి ఉన్నాయి. ‘విశేషాలు’ అన్న చివరి గడిలో మాత్రం రెండే మాటలు.

‘నాయన చూశాడు.’